మూడున్నరేళ్ల పాప బొమ్మలో వస్తువుల పేర్లు చెబుతుంది, ఏం జరుగుతోందో మాత్రం చెప్పదు. ఎలా నేర్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పాపకు మూడున్నరేళ్లు. బొమ్మల పుస్తకం తెరిస్తే కుక్క, చెట్టు, బంతి, ఇల్లు అని పేర్లన్నీ గబగబా చెప్పేస్తుంది. "మరి ఇక్కడ ఏం జరుగుతోంది?" అంటే మాత్రం మాట ఉండదు, లేదంటే సంబంధం లేనిదేదో చెప్పి పేజీ తిప్పేస్తుంది. కథ చదివి వినిపించినా ఆ కథా ఈ బొమ్మా ఒకటేనని తనకు తెలుస్తున్నట్టు లేదు. ఇది మామూలేనా, ఎలా నేర్పాలి, ఎలాంటి పుస్తకాలు కొనాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు రాసినదాన్ని బట్టి టెన్షన్ పడాల్సిందేమీ నాకు కనబడలేదు. పేర్లు చెప్పడం ముందు వస్తుంది, జరుగుతున్న పని చెప్పడం ఆ తర్వాత వస్తుంది, మీ పాప ఆ రెండింటి మధ్యలో ఉంది. మీరు మార్చుకోవాల్సింది ఇంతే: కథ చదవకముందే బొమ్మను కాసేపు చూడనివ్వండి. ఆ తర్వాత ప్రశ్నలు తగ్గించి, బొమ్మలో ఉన్నవాళ్లు ఎటు చూస్తున్నారు, వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయి అన్న రెండు విషయాల గురించి మీరే మాట్లాడండి. కళ్లు, చేతులు. నేను మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, క్లాసులో దీనికన్నా త్వరగా ఫలితం చూపించిన పద్ధతి ఇంకొకటి నాకు కనబడలేదు.

ఇక ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే కారణం తెలిస్తే మీరే మీ పాపకు తగ్గట్టు మార్చుకోగలుగుతారు.

చదవడం రాని పిల్లలకు బొమ్మలైతే సులువు, బొమ్మ చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది అని మనందరం అనుకుంటాం. అందులో కొంత నిజం ఉంది. బొమ్మలో వస్తువును గుర్తుపట్టడానికి ఎవరూ పనిగట్టుకుని నేర్పక్కర్లేదు. హోక్‌బర్గ్, బ్రూక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1962లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులో ఒక పిల్లవాణ్ణి పందొమ్మిది నెలలు వచ్చేదాకా బొమ్మలు దాదాపు కంటపడకుండా పెంచారు, కంటపడినా వాటి పేర్లు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వస్తువుల గీతల బొమ్మలూ ఫొటోలూ చూపిస్తే తనకు తెలిసినవాటిని గుర్తుపట్టి పేర్లు చెప్పాడు. అంటే కుక్క బొమ్మలో కుక్కను పోల్చుకోవడం కంటికి దానంతటదే వచ్చే పని.

కానీ బొమ్మ అంటే ఏమిటో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. జూడీ డెలోష్ అనే పరిశోధకురాలి బృందం 1998లో చూపించింది: తొమ్మిది నెలల పిల్లలు ఫొటోలోని వస్తువును చేత్తో తడుముతారు, పేజీ మీంచి పట్టుకోబోతారు. పందొమ్మిది నెలలకు ఆ పని దాదాపు మానేసి వేలు పెట్టి చూపిస్తారు. అంతమాత్రాన అంతా తెలిసిపోయినట్టు కాదు. 1990లో ఫ్లావెల్ బృందం టీవీ తెర మీద పాప్‌కార్న్ గిన్నె చూపించి, టీవీని తలకిందులు చేస్తే అది ఒలుకుతుందా అని పిల్లల్ని అడిగింది. మూడేళ్ల వాళ్లలో చాలామంది ఒలుకుతుందనే అన్నారు, నాలుగేళ్ల వాళ్లకు ఒలకదని తెలుసు. మీ పాప ఈ రెండు వయసుల మధ్యే ఉంది, అది గుర్తుంచుకోండి.

ఇంకో పాత సంగతి కూడా మీకు పనికొస్తుంది. ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోన్ అనే ఫ్రెంచ్ పరిశోధకులు కలిసి తయారుచేసిన తెలివి పరీక్షల్లో పిల్లలకు బొమ్మ చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమనే భాగం ఒకటి ఉండేది. 1908 నాటి కొలమానంలో మూడేళ్ల పిల్లలు బొమ్మలోని వస్తువుల పేర్లు వరసగా చెబితే చాలని పెట్టారు. బొమ్మను వర్ణించడం ఏడేళ్లకు పెట్టారు. బొమ్మ వెనక ఉన్న భావాన్ని విప్పి చెప్పడం ఇంకా పెద్దవాళ్లకు. అంటే ఎవరి సాయమూ లేకుండా, అలవాటు లేని బొమ్మను ఉన్నట్టుండి ముందు పెడితే మూడేళ్ల పిల్ల పేర్లే చెబుతుంది, ఇది వందేళ్ల కిందటే గమనించారు. పక్కన పెద్దవాళ్లు కూర్చుని సాయం చేస్తే మాత్రం అంతకాలం ఆగక్కర్లేదు, అది నేను రోజూ చూస్తున్నదే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో ఈ వరస చక్కగా కనిపిస్తుంది: రెండేళ్లకు పుస్తకంలో ఫలానాది ఎక్కడ అంటే వేలు పెట్టి చూపించడం, రెండున్నరకు ఇదేంటి అంటే పేరు చెప్పడం, మూడేళ్లకు బొమ్మలో ఏం చేస్తున్నారంటే పరుగెడుతున్నారు, ఆడుకుంటున్నారు అని పని చెప్పడం. గమనించండి, అక్కడ అడుగుతున్నది ఒక్క పని పేరు, కథ కాదు. "ఏం జరుగుతోంది?" అన్న మీ ప్రశ్న దానికన్నా చాలా పెద్దది.

ఎంత పెద్దదో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇలాంటి బొమ్మ ఒకటి ఊహించుకోండి. కుక్క నోట చెప్పు కరుచుకుని పరుగెడుతోంది. వెనకాల ఒక అబ్బాయి. వాడి ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది.

మీ పాప ఏమంటుంది? "కుక్క. చెప్పు. అన్న. తలుపు." నాలుగూ సరైనవే. కానీ ఇది కథ కావాలంటే వాడి ఒక కాలికి చెప్పు లేదని చూడాలి, కుక్క నోట్లోది, వాడి కాలికున్నది ఒకే జత అని పోల్చుకోవాలి, వాడు నిలబడలేదు పరుగెడుతున్నాడని ఒంటి తీరు బట్టి తెలుసుకోవాలి, వాడి చూపు కుక్క మీద ఉందంటే దాని వెంట పడుతున్నాడని అనుకోవాలి, ఇవన్నీ అయ్యాక ఈ బొమ్మకు ముందు ఇంకేదో జరిగిందని, అది బొమ్మలో ఎక్కడా లేదని ఊహించాలి. మనం ఇవన్నీ రెప్పపాటులో చేసేస్తాం కాబట్టి మనకు కష్టం తెలియదు. పిల్లకు ఒక్కో ముక్కా విడిగా కనిపిస్తుంది, వాటిని కలిపే దారం ఇంకా చేతికి రాలేదు.

ఆ దారమే చూపు, చేతులు. అందుకే నేను అవి రెండే పట్టుకుంటాను. ఈ బొమ్మతో క్లాసులో నా మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

"ఈ అబ్బాయి ఎటు చూస్తున్నాడో..." అని ఆగిపోతాను. వాడి కళ్ల దగ్గర వేలు పెట్టి, మెల్లగా కుక్క దాకా జరుపుతాను.

"కుక్కని చూస్తున్నాడు!"

"అవును, కుక్కనే చూస్తున్నాడు. కుక్క నోట్లో ఏదో ఉందే."

"చెప్పు."

"చెప్పే. ఎవరి చెప్పు అయ్యుంటుంది?"

ఇక్కడ చాలామంది పిల్లలు అబ్బాయి కాళ్ల వైపు తమంతట తామే చూస్తారు. చూడకపోతే, "వీడి కాళ్లు చూద్దామా" అంటాను. అప్పటికీ రాకపోతే నేనే చెప్పేస్తాను: "కుక్క వీడి చెప్పు ఎత్తుకుపోయింది, వీడు దాని వెంట పరుగెడుతున్నాడు." అంతే, పేజీ తిప్పేస్తాను. రాని జవాబు కోసం పట్టుబట్టకండి. చెప్పేస్తే పాపకు సోమరితనం వస్తుందని భయపడేవాళ్లు ఉన్నారు, అది వట్టి అపోహ. పెద్దవాళ్లు ముక్కల్ని కలిపి చెప్పడం పదేపదే వింటేనే పిల్లలు తామే కలపడం మొదలుపెడతారు.

ఆగడం గురించి ఒక మాట. సగం వాక్యం చెప్పి ఆగినప్పుడు మనసులో మెల్లగా ఐదు దాకా లెక్కపెట్టండి. మనకు అది చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ వయసు పిల్లకు చూడటానికి, ఆలోచించడానికి, మాట వెతుక్కోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. నేను చూసిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఒక ప్రశ్న వేసి, జవాబు రాకముందే రెండోది, దాని మీద మూడోది వేస్తారు. పిల్ల పేజీ తిప్పేసేది అప్పుడే. మీ పాప పేజీ తిప్పుతోందంటే శ్రద్ధ లేక కాకపోవచ్చు, ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి తన దగ్గరున్న ఒకే ఒక దారి అదే అయ్యుండొచ్చు.

పాప ఏదైనా అంటే, ఒక్క మాటే అయినా, దాన్ని తీసుకుని కొంచెం పెద్దది చేసి తిరిగి చెప్పండి. "కుక్క" అంటే "అవును, కుక్క పారిపోతోంది". "పారిపోతోంది" అంటే "చెప్పు తీసుకుని పారిపోతోంది". ఇది నా సొంత కిటుకేమీ కాదు. వైట్‌హర్స్ట్ బృందం 1988లో రెండు, మూడేళ్ల మధ్య పిల్లల తల్లిదండ్రులకు ఈ తరహా చదువు నేర్పింది: అవును, కాదు అని తేలిపోని ప్రశ్నలు వేయడం, పిల్ల మాటను పెంచి చెప్పడం, పిల్లకు ఎక్కువ మాట్లాడే అవకాశం ఇవ్వడం. ఒక్క నెలలోనే ఆ పిల్లలు మాట్లాడే భాషలో, మామూలుగా చదివించుకున్న పిల్లలకన్నా ముందుకు వెళ్లారు.

పిల్లలకు నిజంగా తెలియని సంగతులు ఇంకో రకం ఉన్నాయి. వీటి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బొమ్మలు గీసేవాళ్లు వాడే కొన్ని గుర్తులు ఉంటాయి, అవి మనం చిన్నప్పటి నుంచి చూసి చూసి అలవాటైనవి, లోకంలో ఎక్కడా ఉండవు. పరుగెత్తే మనిషి వెనక రెండు మూడు గీతలు గీస్తారు. నిజంగా పరుగెత్తేవాడి వెనక గీతలు ఎక్కడుంటాయి? ఫ్రీడ్‌మన్, స్టీవెన్సన్ 1975లో ఈ విషయమే పరీక్షించారు. కాళ్లూ చేతులూ ఉన్న తీరు చూసి మనిషి కదులుతున్నాడని చిన్నపిల్లలు కూడా చెప్పగలిగారు, గీతల్ని బట్టి కదలిక తెలుసుకోవడం మాత్రం పెద్దయ్యాకే వచ్చింది. మా క్లాసులో ఒక బాబు ఆ గీతల్ని చూసి "తాడు కట్టారు" అన్నాడు. చాలా సబబైన మాట. ఇంకో పాప, పరుగెత్తి అలసిపోయిన మనిషి బొమ్మలో తల చుట్టూ ఉన్న చెమట చుక్కల్ని చూసి ఆయన ఏడుస్తున్నాడని పట్టుబట్టింది. నీటి చుక్క ముఖం దగ్గర ఉంటే ఏడుపే, తనకు తెలిసిన లోకంలో. ఆ పేజీ తర్వాత కథంతా తను ఏడుస్తున్న మనిషి కథగానే విన్నది, నవ్వుతూ ముగిసేసరికి అయోమయంగా నావైపు చూసింది.

ఇలాంటివి కనబడినప్పుడు ప్రశ్న వేయకుండా నేరుగా చెప్పేయండి. "ఈ గీతలు వాడు జోరుగా వెళ్తున్నాడని చెప్పడానికి గీశారు." ఒక్క వాక్యం చాలు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. తల పైన గీసే ఆలోచనల బుడగలు కూడా అంతే. అందులో ఉన్నది ఆ మనిషి మనసులో అనుకుంటున్నది అని ఒకసారి వివరిస్తే మూడు, నాలుగేళ్ల పిల్లలు అర్థం చేసుకుంటారని వెల్‌మన్ బృందం 1996లోనే చూపించింది. చెప్పకపోతే మాత్రం ఆ బుడగలో ఉన్న సింహం గదిలోనే ఉందనుకుని భయపడే పిల్లలూ ఉంటారు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం చేసేది ఒకే పేజీలో ఒకే అమ్మాయిని మూడు చోట్ల గీయడం. మెట్ల పైన, మెట్ల మధ్యలో, కింద. మనకు అది ఒకే అమ్మాయి దిగుతున్నట్టు. మూడేళ్ల పిల్లకు ముగ్గురు అమ్మాయిలు, అక్కాచెల్లెళ్లు కావచ్చు. మీ పాప "సంబంధం లేనిదేదో" చెబుతోందన్నారు కదా, అలాంటి పేజీల దగ్గర ఏమంటోందో ఒకసారి గమనించండి. పేజీ మారినా ఇదే సమస్య వస్తుంది: గౌను రంగు మారినా, వెనక నుంచి గీసినా, ముఖం ఒక్కటే పెద్దదిగా గీసినా కొత్త మనిషి అనుకుంటారు. "ఇది మన పాపే, ఇప్పుడు వెనక నుంచి కనిపిస్తోంది, రిబ్బను చూడు" అని ఆనవాలు చూపించండి. ప్రతి పేజీలోనూ ముందు మన మనిషి ఎక్కడున్నాడో వెతకడం ఒక ఆటలా పెట్టుకోండి, ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కథ చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఇదే.

పేజీ అంచు దగ్గర సగం తెగిన మనిషి ("కాళ్లు ఏమయ్యాయి?"), దూరంగా ఉండి చిన్నగా గీసిన ఏనుగు ("ఏనుగు పిల్ల"), రాత్రి అని తెలియడానికి నీలం పూసిన గది, ఇవన్నీ కూడా ఈ కోవలోవే. తెగిన బొమ్మకు నేను కాగితం వాడతాను: కాగితంలో చిన్న కిటికీ కత్తిరించి, ఇంకో బొమ్మ మీద జరిపి, కనిపించనంత మాత్రాన లేకుండా పోలేదని చూపిస్తాను. దూరం సంగతి పాపను ఇంటి కిటికీ దగ్గర నిలబెట్టి, దూరంగా వెళ్తున్న మనిషిని చూపిస్తే తేలిపోతుంది.

ముఖాల విషయానికొస్తే, సంతోషం ముందు పట్టేస్తారు, తర్వాత బాధ, కోపం. ఆశ్చర్యం, భయం, అసహ్యం విడదీసి చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది. కాబట్టి "వాడికెలా ఉంది?" అని అడిగే బదులు "నోరు చూడు, కనుబొమలు చూడు, మనమూ అలా పెడదామా" అని ఇద్దరూ ఆ ముఖం పెట్టండి. అద్దం ముందైతే మరీ మంచిది.

ఇప్పుడు చదవడం గురించి. పిల్లలకు చదివి వినిపిస్తున్నప్పుడు వాళ్ల కళ్లు ఎక్కడుంటాయో ఎవాన్స్, సెయింట్-ఓబిన్ 2005లో పరికరాలతో చూశారు. దాదాపు ఎప్పుడూ బొమ్మ మీదే, అక్షరాల మీద దాదాపు ఉండవు. అంటే మీరు చదువుతుంటే పాప కళ్లు బొమ్మ మీద తిరుగుతున్నాయి, కానీ మీరు చదివే వాక్యానికి సంబంధించిన చోటే ఉన్నాయన్న గ్యారంటీ లేదు. మీరు ఎడమ పేజీ చదువుతుంటే తను కుడి పేజీలోని సీతాకోకచిలుకను చూస్తూ ఉండొచ్చు. ఫ్లాక్, హోర్స్ట్ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో రెండు పేజీల్లోనూ బొమ్మలున్నప్పటి కన్నా ఒకసారి ఒక్క పేజీలోనే బొమ్మ ఉన్నప్పుడు మూడేళ్ల వయసు పిల్లలు కొత్త మాటలు బాగా నేర్చుకున్నారు. రెండు బొమ్మలున్నా చదవబోయే పేజీ వైపు చేత్తో చూపిస్తే ఆ ఇబ్బంది తగ్గింది. మీరు చేయాల్సింది తేలికే: రెండో పేజీని చేత్తోనో కాగితంతోనో కప్పేయండి, లేదా ఏ పేజీ చదవబోతున్నారో అరచేత్తో చూపించి మొదలుపెట్టండి. వాక్యంలో "తలుపు చాటున" అని వస్తే వేలు తలుపు మీదికి వెళ్లాలి. కథకూ బొమ్మకూ లింకు కుదరడం లేదన్నారే, దానికి నేను చెప్పగలిగే మొదటి మందు ఇదే.

నా వరస ఇలా ఉంటుంది. కొత్త పుస్తకమైతే మొదటిసారి అసలు చదవను. అట్ట నుంచి చివరి దాకా బొమ్మలే చూస్తాం, నచ్చిన చోట ఆగుతాం. రెండోసారి కథ చదువుతాను, ఎక్కువ ఆపకుండా. మూడోసారి నుంచి కళ్లు, చేతులు, "దీనికి ముందు ఏమైంది", "ఇప్పుడు పేజీ తిప్పితే ఏముంటుంది" లాంటివి. చాలామంది మొదటి చదువులోనే అన్నీ పెట్టి కథను ముక్కలు చేసేస్తారు, పిల్లకు విసుగు పుడుతుంది, తప్పు పిల్లది కాదు. ఒకసారి కూర్చున్నప్పుడు రెండు మూడు పేజీల దగ్గర ఆగితే చాలు.

పుస్తకాలు. మీరు ఎక్కువ కొనక్కర్లేదు. హోర్స్ట్ బృందం 2011లో చూపించినట్టు, వేర్వేరు కథల్లో అవే కొత్త మాటలు విన్న మూడేళ్ల పిల్లలకన్నా ఒకే కథను మళ్లీ మళ్లీ విన్నవాళ్లే ఆ మాటలు బాగా నేర్చుకున్నారు. పాప అదే పుస్తకం తెచ్చి పదేపదే చదవమంటే విసుక్కోకండి, ప్రతిసారీ బొమ్మలో కొత్త మూల ఒకటి తనకు తెరుచుకుంటోంది. ఎంచుకునేటప్పుడు పేజీకి ఒకే సంఘటన ఉన్నవి, వెనక మరీ కిక్కిరిసిపోనివి, మనుషుల ముఖాలూ చేతులూ స్పష్టంగా కనిపించేవి చూడండి. అతి కార్టూన్ తరహాలో, కళ్లు రెండు చుక్కలుగా గీసిన బొమ్మల్లో చూపు ఎటుందో తెలియదు, మన పద్ధతి అక్కడ పనిచేయదు. ఇంకా చిన్న పిల్లలైతే నిజానికి దగ్గరగా ఉండే బొమ్మలే మేలు. గనియా, పికార్డ్, డెలోష్ 2008లో పదిహేను, పద్దెనిమిది నెలల పిల్లలతో చేసిన పనిలో ఫొటోల నుంచీ వాస్తవానికి దగ్గరగా గీసిన బొమ్మల నుంచీ నేర్చుకున్న పేరును నిజం వస్తువుకు వర్తింపజేయడం, కార్టూన్ తరహా బొమ్మలతో కన్నా బాగా జరిగింది.

మడతలు తెరిచేవి, లాగితే కదిలేవి, పాప్-అప్ పుస్తకాలు అడుగుతారు అందరూ. ఆటకు బాగుంటాయి. కానీ చేతికి పని ఎక్కువైతే కంటికి పని తక్కువవుతుంది. 2010లో టారే బృందం చూసినది కూడా ఇదే, ఆ హంగులున్న పుస్తకాల నుంచి చిన్నపిల్లలు తక్కువ నేర్చుకున్నారు. నొక్కితే శబ్దాలు వచ్చే, ఫోన్‌లో చూసే పుస్తకాల గురించీ నా అభిప్రాయం అదే. మాటలు అసలే లేని, బొమ్మలతోనే కథ నడిచే పుస్తకాలు దొరికితే మాత్రం వదలకండి, కానీ వాటిని పాప చేతికి ఒంటరిగా ఇవ్వకండి, చూడటానికి తేలిగ్గా ఉన్నా అన్నిటికన్నా కష్టమైనవి అవే.

పుస్తకం బయట చేసే రెండు పనులు కూడా చెబుతాను. ఒకటి, బొమ్మను నటించడం. "నువ్వు కుక్క, నేను అబ్బాయి" అని చెప్పు పట్టుకుని గదిలో ఒక్క చుట్టు పరుగెత్తండి, "ఆగు!" అన్నప్పుడు ఇద్దరూ కదలకుండా ఆగిపోండి. అప్పుడు పుస్తకం చూపించి "మనం ఇలాగే ఆగాం కదా" అనండి. బొమ్మ అంటే ఆపేసిన క్షణం అని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కనిది ఈ ఆటతో ఎక్కుతుంది. రెండు, పాప సొంత ఫొటోలు. తను చెప్పులు వేసుకుంటున్నది ఒకటి, తలుపు తీస్తున్నది ఒకటి, బయట నడుస్తున్నది ఒకటి తీసి, కాగితం మీద ముద్రించి, వరస తారుమారు చేసి ఇచ్చి, మళ్లీ వరసగా పెట్టమనండి. అందులో ముందేమైందో తర్వాతేమైందో తనకు స్వయంగా తెలుసు, మూడు చోట్లా ఉన్నది తానొక్కతే అనీ తెలుసు. ఇది వచ్చాక పుస్తకంలోని మూడు బొమ్మల అమ్మాయి కూడా అర్థమవుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

తప్పు జవాబు వస్తే "కాదు" అనకండి. "అలాగా, ఎక్కడుందో చూపించు" అనండి. తొంభై శాతం సందర్భాల్లో అని లెక్క కట్టి చెప్పలేను కానీ, పిల్లలు చూపించిన చోట నిజంగానే ఏదో ఒకటి ఉంటుంది. చెమట చుక్కల పాప విషయంలో లాగా. తను చూసింది మీకు కనిపించాక "ఓ, ఈ చుక్కలా, ఇవి చెమట, ఎండలో పరుగెత్తాడు కదా" అనడం తేలిక, తనకూ చిన్నబుచ్చుకోవాల్సిన పని ఉండదు. ఇంట్లో మిగతావాళ్లకు కూడా ఇది చెప్పి ఉంచండి. నలుగురి ముందు పుస్తకం తెరిచి "ఇదేంటో చెప్పు, అదేంటో చెప్పు" అని అప్పజెప్పించుకుంటే పాపకు బొమ్మల పుస్తకమంటే పరీక్ష అనిపిస్తుంది.

చివరగా, డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి. బొమ్మను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకున్నా, కళ్లు చికిలించినా, తల ఒక పక్కకు వంచి చూసినా ముందు కళ్లు పరీక్ష చేయించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనట్టు అనిపిస్తే, ముఖ్యంగా మగపిల్లల్లో, అదీ అడగండి. నిజ జీవితంలో జరుగుతున్న పనుల్ని కూడా చెప్పలేకపోతుంటే, అంటే కళ్ల ముందు కుక్క పరుగెడుతున్నా "కుక్క" దగ్గరే ఆగిపోతుంటే, మీరు వేలు పెట్టి చూపించిన వైపు చూడకపోతుంటే, తనకు నచ్చింది మీకు చూపించాలన్న ఉబలాటం ఎప్పుడూ లేకపోతుంటే, లేదా ముందు వచ్చిన మాటలు పోతుంటే, ఆగకుండా పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. అలా వెళ్లేటప్పుడు రెండు మూడు బొమ్మల ఫొటోలు తీసుకుని, వాటి కింద పాప ఏమందో తన మాటల్లోనే, సరిదిద్దకుండా రాసి తీసుకెళ్లండి. కొత్త గదిలో కొత్త మనిషి అడిగితే ఈ వయసు పిల్లలు చాలాసార్లు నోరు విప్పరు, ఆ కాగితం డాక్టర్‌కు బాగా ఉపయోగపడుతుంది.